జోకర్ చేపల ఆషాఢం

కామారెడ్డి,
2 జూన్ 2023.

నాగవ్వకు హుస్నా సలాములూ నమస్కారాలూ రెండూ.

అవ్వా, అంగన్‌వాడీలో పలక పట్టించి నాకు అక్షరాలు నేర్పింది నువ్వు. "ఉత్తరమంటే పుస్తకంల ఉన్నట్టు ఉండాలె, అంగట్ల ఒర్రినట్టు కాదు" అని నెత్తిన మొట్టిందీ నువ్వే. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. నువ్వు ఫోను ఎత్తవు, ఎత్తినా తలకిందులుగా చెవికి పెట్టుకుంటావు. కాబట్టి ఇకనుంచి పదిహేను రోజులకోసారి బస్సులో ఉప్పునీళ్ళ డబ్బా వస్తుంది, దాని పిడికి ప్లాస్టిక్ కవర్లో ఉత్తరం కట్టి ఉంటుంది. ఖాళీ డబ్బా పంపేటప్పుడు జవాబు దానికే కట్టు.

నిన్న మీ ముందర గదిలో పెట్టి వచ్చిన జంటను ఇంకోసారి నీకు అప్పగిస్తున్నాను. నారింజ రంగు ఒళ్ళు, మూడు తెల్ల పట్టీలు. మా వ్యాపారంలో జోకర్ చేపలంటాం. ఇక్కడ మా పెంపుడు చేపల షాపు ముందు మోరీ కాలువ కోసం రోడ్డు తవ్వుతున్నారు. మిషను మోగినప్పుడల్లా ఇవి మూలకు పోయి నక్కుతున్నాయి. గుడ్లు పెట్టే ఈడు చేపలు, వాటికి నెమ్మది కావాలి. యెల్లారెడ్డిలో మీ ఇంటికన్నా నెమ్మదైన చోటు నాకు తెలియదు, నీ నోరొక్కటి తప్ప.

గుడ్ల కోసం ఇంత ఆత్రం ఎందుకో కూడా విను. మా అబ్బా ఘనీ సాబ్ బతుకులో సగం జిద్దాలో, ఒక హోటల్లో చేపల తొట్లు కడుగుతూ గడిపాడు. సముద్రంలో పట్టి కవర్లలో తెచ్చిన చేపలు సగం దారిలోనే చచ్చిపోవడం చూసి చూసి ఆయన మనసు విరిగింది. "సముద్రంల పట్టిన చేపను నా షాపుల అమ్మనియ్య" అంటాడు. దానికితోడు మా అన్న మోయిజ్ వచ్చే రంజాన్‌కు దుబాయి నుంచి పూర్తిగా వచ్చేస్తున్నాడు. షాపు వెనక గదిలో నా ఉప్పునీళ్ళ తొట్లు తీసేసి, సెల్‌ఫోన్ రిపేరు కౌంటర్ పెట్టాలని తండ్రీకొడుకుల ఆలోచన. నేను ఏడ్చి గోల చేస్తే అబ్బా చివరికి ఒక్క మాట ఒప్పుకున్నాడు. "ఈడ్నే పుట్టిన జోకర్ చేపను ఒక్కదాన్ని సూపియ్, గది నీదే. రంజాన్ మొదలయ్యేదాకా టైం." కామారెడ్డిలో సముద్రపు చేప పుట్టాలట! సరే అన్నాను. నా గది ఇప్పుడు ఆ జంట చేతుల్లో ఉంది.

చిన్న తొట్టి కూడా ఇచ్చాను కదా, అది ఏ చేపకైనా ఒంట్లో బాగోకపోతే వేరుగా ఉంచడానికి. వంటింట్లో పెట్టుకో. గాలి మోటరు మాత్రం ఆపకు. కిందటి నెలే నీ కొడుకు సిద్దార్థకు పెండ్లి చేశావు, అనిల కొత్త కోడలిగా ఇంటికొచ్చింది. ఈ జంటను కూడా కొత్త పెండ్లివాళ్ళను చూసుకున్నట్టే చూసుకో. అంతకుమించి నీకు నేను చెప్పేదేముంది!

నీ హుస్నా

* * *

యెల్లారెడ్డి,
25 జూన్ 2023.

బిడ్డా హుస్నా,

నీ ఉత్తరం మంచిగుంది. నేనైతే మాట్లాడినట్టే రాస్త. రిటైరైనోళ్ళకు ఏ రూలూ ఉండది.

నీళ్ళ డబ్బా ముట్టింది. దించేటప్పుడు కండక్టర్ "ఏందవ్వా గింత బరువున్నది, కల్లా?" అన్నడు. సముద్రం అన్న. నన్ను మీదికెల్లి కిందిదాంక సూసిండు.

తొట్టిల నువ్వు పెట్టిన ఆ పువ్వసొంటి జీవి చేతులు ఊపుకుంట అట్లనే కూసుంటది. ఏమైతదో సూద్దామని ఏలు పెట్టిన. చురుక్కుమన్నది! మరి వీళ్ళు గా పువ్వులనే దొర్లుతరు, గండ్లనే పంటరు, వీళ్ళకు ఏం గాదు. పెద్దోడు రోషగాడు. అద్దం కాడ మొఖం పెడితే కొట్టనీకె వస్తడు, అచ్చం మా ఆయన పోలిక. చిన్నది మాత్రం పాపం ఎనకెనకనే తిరుగుతుండె, కొత్తలో అనిల తిరిగినట్టు.

ఆషాఢం పడ్డదిగదా, అనిలను బీబీపేటకు తల్లిగారింటికి పంపిన. ఈ ఏడు శ్రావణాలు రెండు, మొదటిది అధికం. అధికమాసంల కూడ కొత్త కోడలు అత్తగారి గడప తొక్కొద్దన్నడు పంతులు. అంటే ఒక్క నెల కాదు, రెండు నెల్లు. సిద్దార్థ మొఖం సూడాలె నువ్వు! కూరల ఉప్పు లేకున్నా వానికి తెలుస్తలేదు.

చేపల గురించి ఫికర్ చెయ్యకు. కొత్త పెండ్లోళ్ళను ఎట్ల సూసుకోవాల్నో నాకు ఒకరు చెప్పాల్నా? ఎవ్వరి తావుల వాళ్ళు మంచిగ తింటున్నరు.

నాగవ్వ

* * *

కామారెడ్డి,
9 జూలై 2023.

అవ్వా,

ఈసారి నీళ్ళు బస్సులో వేయలేదు. సిద్దార్థ బండి మీద తానే వచ్చి తీసుకున్నాడు. కామారెడ్డిలో పొద్దున పది గంటలకు డబ్బా ఎత్తుకున్న మనిషి యెల్లారెడ్డికి ఎప్పుడు చేరాడో నాకు చెప్పు. పోయేటప్పుడు బండి బీబీపేట రోడ్డు పట్టడం నా కళ్ళతో చూశాను. నేను చెప్పానని అనకు.

బక్రీదు నాడు అబ్బా మంచి ఖుషీలో ఉన్నాడు. ఎన్నడూ చెప్పనిది చెప్పాడు. జిద్దాలో ఒక శుక్రవారం సెలవు దొరికితే, కళ్ళకు అద్దాలు పెట్టుకుని సముద్రంలోకి దిగాడట. ఒడ్డు నుంచి కొంచెం పోగానే నీళ్ళ కింద పగడపు దిబ్బ. మామిడి తోటలో చెట్టుకో పిట్ట గూడు ఉన్నట్టు, దిబ్బ మీద పువ్వుకో జోకర్ల కుటుంబం. అక్కడి వాటికి రెండే పట్టీలట, మనవాటికి మూడు. ఆ పువ్వు వేరే చేపలను కుట్టి చంపుతుంది, వీటిని మాత్రం ఒళ్ళో పెట్టుకుంటుంది. అందుకని ఒక్కసారి పువ్వు దొరికిందంటే, అది దాటి బారెడు దూరం కూడా పోవట. "అవి ఇల్లు ఇడిచిపెట్టయి బేటీ" అని అబ్బా లేచి తొట్లకు మేత వేయడానికి పోయాడు.

గుడ్లు పెట్టేముందు చిన్నది పెద్దదాని ముందుకొచ్చి ఒళ్ళంతా వణికిస్తుంది. ఇద్దరూ కలిసి ఒక రాయిని నోటితో తోముతారు. ఇవేమైనా మొదలయ్యాయా? నాకు ఆగడం లేదు.

హుస్నా

* * *

యెల్లారెడ్డి,
24 జూలై 2023.

బిడ్డా,

ఒకటే వాన, బట్టలు ఆరుతలేవు. వణుకుడు గిణుకుడు ఏం లేదు. గియ్యాల రేపు వణుకుడేంది, సిగ్గు లేకుంట? అసలు శ్రావణం రానియ్యి. అన్నిటికి ముహూర్తం ఉంటది.

సిద్దార్థ ఆ దినం పొద్దుమీకినంక వచ్చిండు. టైరు పంచరైందన్నడు. పంచరు ఏసినోడు భోజనం కూడ పెట్టిండేమో, అన్నం వద్దన్నడు.

నాగవ్వ

* * *

యెల్లారెడ్డి,
18 ఆగస్టు 2023.

హుస్నా, ఆగమైంది బిడ్డా! ఈ ఉత్తరం సిద్దార్థ చేతికిచ్చి బండి మీద తోలుతున్న. సదివినంక వాన్ని ఆపు, జవాబు రాసియ్యి.

కొత్త పెండ్లోళ్ళ లెక్క సూసుకొమ్మన్నవు గదా నువ్వు? మరి కొత్త పెండ్లోళ్ళకు ఆషాఢం ఉండదా? అందుకే అనిలను పంపిన నాడే చిన్నదాన్ని గిన్నెతోని ఎత్తి, వంటింట్లో ఉన్న చిన్న తొట్టిలకు పంపిన. అదే దానికి తల్లిగారిల్లు. ఒకరి మొఖం ఒకరు సూడకుంట నడుమ నా పాత చీర పరద కట్టిన. అధికం గూడ అయిపోయేదాంక ఆపిన. నీకు శ్రావణంల చెప్పి ఖుష్ చేద్దామనుకున్న.

ఇయ్యాల శుక్రారం. పొద్దుగాల అనిల వచ్చింది. దానికి బొట్టు పెట్టి లోపలికి పిలిచిన, చిన్నదాన్ని కూడ తెచ్చి పెద్ద తొట్టిల ఇడిచిన. ఓ యమ్మో! అది తల్లిగారింట్ల తిని తిని ఇంత లావైంది గదా, పోవుడు పోవుడే పెద్దోని మీద పడ్డది. ఆయినె ఊకుంటడా? మూతులు కరుసుకొని గుంజుకున్నరు. పెద్దోని తోక చినిగింది. అనిల జల్లెడ నడుమ పెట్టి ఆపింది, లేకుంటే ఒకటి సచ్చేదే. మొగుడు పెండ్లాం అన్నంక తకరారుంటది, ఒప్పుకుంట. గిట్లనా? నేనేం తప్పు చేసిన్నో చెప్పు.

నాగవ్వ

* * *

కామారెడ్డి,
18 ఆగస్టు 2023.

అవ్వా అవ్వా అవ్వా,

సిద్దార్థ ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను, ఇప్పుడు రెండూ చేస్తున్నాను. చేపలకు ఆషాఢం పాటించిన అత్తగారిని లోకంలో నిన్నొక్కదాన్నే చూశాను!

తప్పు నాది కూడా. ఒక ముక్క నీకు చెప్పలేదు. జోకర్ చేపల్లో పెద్దది ఆడది, చిన్నది మొగది. నువ్వు పెద్దోడు, రోషగాడు అన్నది పెండ్లాం. పాపం, వెనకెనకనే తిరిగేదన్నావే, అది మొగుడు. అవి అన్నీ మొగవిగానే మొదలవుతాయి. ఇంట్లో అందరికన్నా పెద్దదే ఆడదవుతుంది, దాని తర్వాతిది మొగుడు, మిగతావి పిల్లకాయలు. ఆ పెద్దమ్మ పోతే మొగుడే ఒళ్ళు పెంచి ఆడదైపోతాడు. ఒకసారి మారితే ఇక వెనక్కి రావడం ఉండదు. నువ్వు పరద కట్టి కూర్చోబెట్టావు కదా, ఇక వంటింట్లో పెద్ద దిక్కు తనే అనుకుంది. రెండు నెలల్లో మారుతూ వచ్చింది. ఇవాళ నువ్వు ఒక ఇంట్లోకి తోలింది మొగుడినీ పెండ్లాన్నీ కాదు, ఇద్దరు పెద్ద ఆడవాళ్ళను! కొట్టుకోక ఏం చేస్తారు?

ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చెయ్యి. చిన్నదాన్ని వెంటనే వంటింటి తొట్టికి మార్చు, ఇక కలపకు. సిద్దార్థ చేతికి రెండు కవర్లలో రెండు బుడ్డ చేపలు ఇస్తున్నాను. బయట కొని తెచ్చి ఏడాదిగా మా తొట్టిలో పెంచినవి, ఇంకా ఆడా కాదు, పూర్తిగా మొగా కాదు. ముందర గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి వెయ్యి. పెద్దవాళ్ళకు లొంగి ఉంటే మెల్లగా మొగుళ్ళవుతారు. వంటింటి తొట్టిలో ఒక కుండ పెంకు కూడా బోర్లించు, వాళ్ళకు చాటు కావాలి.

కానీ అవ్వా, వాళ్ళు ఈడుకు రావడానికి నెలలు పడుతుంది. జూన్‌లో ఉన్న జంట చెడిపోయింది, రంజాన్ మాత్రం దగ్గరికొస్తూనే ఉంది. అబ్బాకు ఈ సంగతి చెప్పడం లేదు. నువ్వూ చెప్పకు.

హుస్నా

* * *

యెల్లారెడ్డి,
30 సెప్టెంబర్ 2023.

బిడ్డా,

నీ ఉత్తరం సదివి మూడు దినాలు చేపల దిక్కు సూడలే. అలిగిన. గిన్నేండ్లు బతికిన, మొగుడెవరో పెండ్లామెవరో తెల్వదా నాకు, అని. అనిల "అత్తమ్మా, పెద్దది పెండ్లామైతే మీకెందుకు కోపం? ఈ ఇంట్ల గూడ అంతే గదా" అన్నది. తల్లిగారింటికి పోయి వచ్చినకాన్నుంచి దీనికి నోరొచ్చింది. నవ్వొచ్చి అలక మర్సిన.

బుడ్డోళ్ళు బతికిండ్రు. ముందర గదిల రోషగాడు, పోనీ రోషగత్తె, దాని బుడ్డోన్ని రెండు దినాలు తరిమి తరిమి కొట్టింది. వాడు ఒక పక్కకు ఒరిగి గజగజ వణికి చూపిస్తే ఇడిచిపెట్టింది. ఇప్పుడు పువ్వుల ఒక మూల ఇచ్చింది. తోక అతుకుతున్నది. వంటింట్లో నా కోడలు మాత్రం మంచిది, తన బుడ్డోన్ని దినాం కుండ పెంకు కిందికి దోలుకపోతది. దాన్ని నేను కోడలనే అంట, నువ్వేమన్నా అనుకో.

నాతోని నీకు కష్టమొచ్చింది. నేను దీన్ని సక్కగ చేస్త బిడ్డా.

నాగవ్వ

* * *

కామారెడ్డి,
26 నవంబర్ 2023.

అవ్వా,

ఎలక్షన్ల మైకులకు షాపులో ఉన్న చేపలన్నీ రాళ్ళ వెనక దాక్కున్నాయి, నేనూ దాక్కోవాలనుకుంటున్నాను. నిన్న అబ్బా ఒక వడ్రంగిని తీసుకొచ్చాడు. నా గది గోడకు టేపు పట్టి కౌంటర్ కొలతలు తీయించాడు. తొట్టి అడ్డమొస్తే టేపును దాని మీదుగా మెల్లగా వంచి పట్టుకున్నాడే గానీ, అద్దానికి తగలనివ్వలేదు. కోపంగా కొలిచి ఉంటే పోట్లాడేదాన్ని. ఆయన అట్లా జాగ్రత్తగా కొలుస్తుంటే టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను.

మోయిజ్ అన్న టికెట్ బుక్ చేసుకున్నాడు. అన్న మీద నాకేం కోపం లేదు, వాడూ అక్కడ ఎన్నేండ్లని ఉంటాడు? అమ్మీ "గుడ్లు పెట్టకుంటే పెట్టకపాయె, షాపుల మామూలు నీళ్ళ చేపలున్నయి గదా" అంటుంది. ఉన్నాయి. కానీ ఉప్పునీళ్ళ చేపలంటే నాకు ప్రాణం అవ్వా. వాటి పిల్లలు తినే సూది మొనంత పురుగులను నాచు పట్టిన పచ్చనీళ్ళ సీసాల్లో ఏడాదిగా పెంచుతున్నాను. తినడానికి పిల్లలే లేవు.

నాకు ఇవాళ నవ్వు రావడం లేదు. నువ్వే ఏమైనా రాయి.

హుస్నా

* * *

యెల్లారెడ్డి,
28 జనవరి 2024.

బిడ్డా,

నవ్వొచ్చేది రాయమన్నవు. ఇగో. వంటింట్లో నా కోడలు, దాని బుడ్డోడు ఇద్దరు కలిసి నాలుగు దినాల సంది కుండ పెంకును నోటితోని తోముతున్నరు. ఒకటే తోముడు! అనిల బోళ్ళు తోమేటప్పుడు వాళ్ళను సూసి "మస్తు సాఫ్ చేస్తున్నరత్తమ్మా, వీళ్ళకు బోళ్ళు కూడ ఏద్దామా?" అంటున్నది. బుడ్డోడు దాని ముందుకొచ్చి వణుకుతుండు గూడ. నేనిప్పుడు వంటింట్లో పోపు కూడ సప్పుడు కాకుంట పెడుతున్న. మిరపకాయ ఏస్తే ఘాటుకు వాళ్ళకేమన్న అయితదేమోనని బయట పొయ్యి పెట్టిన.

ఎవ్వరికి చెప్పకు. దిష్టి తగుల్తది.

నాగవ్వ

* * *

యెల్లారెడ్డి,
20 ఫిబ్రవరి 2024.

బిడ్డా హుస్నా,

కూసోని సదువు. నా కోడలు గుడ్లు పెట్టింది!

ఐదు దినాల కింద పొద్దుగాల అనిల కేక పెడితే ఉరికిన. కుండ పెంకు లోపట నారింజ రంగుల, రవ్వ సల్లినట్టు, ఒకదాని పక్కకొకటి. జూన్‌ల నేను చిన్నది కోడలన్న. నువ్వు మొగోడన్నవు. ఇప్పుడు చెప్పు, గుడ్లు ఎవరు పెట్టిండ్రు? ముందర గదిల మహారాణి ఇంకా ఏం పెట్టలే. నేనేమంటలేను, ఊకె యాది చేస్తున్న.

నీకు అప్పుడే రాద్దామని కాగితం పట్టుకున్న. గంతల గేటు కాడ ఆటో ఆగింది. మీ అబ్బా! మోయిజ్ రంజాన్‌కు ముందే, వారం దినాలల్ల వస్తుండంట, తొట్లు రెండు తీసుకపోయి ఎవరికో ఇస్తా అని నీకు చెప్పకుంట వచ్చిండు. అక్క వరుసల పిలిచి "ఆపా, పిల్ల ముందల తీస్తే ఏడుస్తది, అందుకే నేనే వచ్చిన" అన్నడు. చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకపోయి పెంకు సూపిచ్చిన.

గా మనిషి అట్లనే నిలబడ్డడు. ఆటో అతను హారన్ కొట్టి కొట్టి పోయిండు. పీట ఏస్తే కూసున్నడు. తల్లి అటిటు తిరుగుతది గని, గుడ్ల కాడ బుడ్డోడే కాపలా. ఇంతంత రెక్కలతోని విసురుతనే ఉంటడు. ఒక్కొక్క గుడ్డును నోటితోని తుడుస్తడు. పాడైనది ఏరి తీస్తడు. నేను గిన్నె దగ్గర పెడితే ఏలంత లేడు, నా మీదికి వచ్చిండు! మీ అబ్బా ఐదు దినాలాయె, ముందర గదిల పండుకుంటడు, తెల్లారంగనే పీట మీదికొస్తడు. చాయ్ ఇస్తే సల్లారబెట్టుకుంటడు. మీ అమ్మీకి ఫోన్ చేసి దోస్తు ఇంట్ల ఉన్న అని చెప్పిండంట. మీకు అబద్ధం చెప్పినందుకు మాఫ్ చెయ్యమన్నడు.

ఇయ్యాల గుడ్లల్ల వెండి చుక్కల్లెక్క కండ్లు కనపడుతున్నయి. ఇంక రెండు మూడు దినాలల్ల పిల్లలైతయి అని మీ అబ్బానే చెప్పిండు. నీకు తెలుగుల రాయరాదు గదా, నువ్వు చెప్పు నేను రాస్త అన్న. ఇగో, కింద ఉన్నది ఆయిన మాట. నేను ఒక్క అక్షరం మార్చలే.

"బేటీ, నువ్వు గెలిచినవు. గది నీది. మోయిజ్ కౌంటర్ ముందట రేకుల షెడ్డుల పెట్టుకుంటడు, నేను మాట్లాడిన, వాడు సరే అన్నడు. తొట్లు తీస్తా అన్నందుకు నా మీద గుస్సా పెట్టుకోకు.

"ఈ బుడ్డోన్ని సూస్తుంటే లేవబుద్ధి అయితలేదు. నువ్వు పుట్టినప్పుడు నేను జిద్దాల ఉన్న. మోయిజ్ పుట్టినప్పుడు గూడ ఆడ్నే ఉన్న. నీ మొఖం నేను మొదాలు ఫోటోల సూసిన, ఆ ఫోటో నెలకు వచ్చింది. నేను వచ్చేవరకు నువ్వు నడుస్తున్నవు, నన్ను సూసి మీ అమ్మీ ఎనక దాక్కున్నవు. నేను గా దినం ఎవ్వరికి చెప్పలే గని, మస్తు ఏడ్సిన. ఇవి పుట్టేటప్పుడన్న నేను ఈడ్నే ఉంట.

"నువ్వు పచ్చనీళ్ళ సీసాలు పట్టుకొని పొద్దుగాల మొదటి బస్సుకు రా బేటీ. ఇద్దరం కలిసి సూద్దాం."